గంట కాదమ్మా, మూడున్నర గంటలు

అమ్మా, ఇక్కడ నేను కులాసా.

నీకు కొన్న టికెట్టు చూసి, విమానం గంటలో ఇక్కడ దిగుతుందని రాశాను కదా, అది తప్పు. తొమ్మిదికి బయలుదేరి పదికి దిగుతుందని అందులో ఉంది. నిన్న ఆఫీసులో ఆ మాట అంటే మా హెడ్డు గుమాస్తా నవ్వారు.

"అమ్మాయ్, తొమ్మిది మీ ఊరి గడియారంలో, పది ఇక్కడి గడియారంలో! మనం రెండున్నర గంటలు వెనక. రెండు వేల నాలుగు వందల కిలోమీటర్లు గంటలో రావడానికి అది విమానమా, ఫిరంగి గుండా?" అన్నారు. నాకు తల కొట్టేసినట్టయింది.

గంటకు మించి మోకాళ్లు ముడిచి కూర్చోలేనన్నదానివి, చదువుకున్న పిల్ల చెప్పిందని రావడానికి ఒప్పుకున్నావు. తెలిశాక దాచడానికి మనసొప్పలేదు. మధ్యలో లేచి నాలుగడుగులు నడవనిస్తారట. దారి పక్క సీటు అడుగుతాను.

నాన్న దగ్గు తగ్గిందా? నా పాత స్వెటరు చెల్లికి ఇచ్చెయ్.

టైలరు మామయ్యా, ఇది అమ్మకు పొల్లుపోకుండా చదవండి. మూడున్నరను మింగెయ్యకండి.

అమ్మా, నిన్ను చూసి మూడేళ్లయింది. అయినా నొప్పి నీది, రానన్నా అలగను. వస్తావో రావో నీ నోటిమాటగా మామయ్య చేత రాయించు. నాన్నకు నమస్కారాలు.

ఇట్లు,
తప్పు చదివిన నీ పెద్దమ్మాయి