జెండా పట్టిన పెళ్లికొడుకు

కామాటిపుర, ముంబై

యాదయ్య బావకు బుచ్చన్న దండాలు.

నా చేతిరాత కోడి గీకినట్టు ఉంటుంది. తప్పులుంటే సర్దుకుని చదువుకో. ఊళ్లో మూడో తరగతితో ఆపినవాణ్ణి. ఫోన్లో మాట్లాడదామంటే, ఈ చాలీ ఇరుకు గదుల్లో గోడకు ఈవల దగ్గితే ఆవల మందు చెబుతారు. పైగా పెళ్లి మాటలు నాకు నోట రావు.

నీ మనవరాలు శ్రావణిని ఇచ్చే ముందు మా మనవడు అతుల్ నౌకరి ఏమిటని అడిగావు. వాడు జెండా పట్టుకుని ఉరుకుతాడు. వెనక వందమంది ఉరుకుతారు. ఆడవాళ్లూ ఉంటారు. జీతం వస్తుంది. మంచి పిల్లవాడు.

ఇట్లు,
బుచ్చన్న

తా.క. పందెంలో ఎప్పుడూ మొదట రాలేదు. పెళ్లి విషయం కదా, దాచకూడదని రాశాను.

*

మక్తల్

బుచ్చన్న బావా,

నీ ఉత్తరం వచ్చేదాకా మేం క్షేమంగానే ఉన్నాం.

అది ఏ పార్టీ జెండా? వందమంది తరుముతుంటే పోలీసులు ఏం చేస్తున్నారు? ఆడవాళ్లు కూడా వెంటపడేంత పని ఏం చేశాడు? మా ఇంటిది కిష్టమ్మ నెత్తి పట్టుకుని కూర్చుంది. "ఉరికేటోనికి పిల్లనిస్తే సంసారం యాడ జేస్తది? రోడ్డు మీదనా?" అంటోంది.

యాదయ్య

తా.క. వాడు ఇంతవరకు ఎవరికైనా దొరికాడా? అది ముఖ్యం.

*

కామాటిపుర

బావకు దండాలు.

నీ ఉత్తరం చూసి అన్నం సహించలేదు. వాణ్ణి కూర్చోబెట్టి అడిగాను. పార్టీ కాదట. జెండా మీద టైము రాసి ఉంటుంది. ఆ టైముకు చేరాలనుకునేవాళ్లు వాడి వెనక ఉరుకుతారు. అట్లా ఒకే తీరుగా ఉరికి దారి చూపేవాణ్ణి పేసర్ అంటారట. మిగతా రోజుల్లో ఆఫీసులవాళ్లను ఉరికించి, ఎవరికి ఎప్పుడు ఆయాసం వస్తుందో పరీక్ష చేస్తాడు.

"ఒక్కసారి మొదట రారాదురా?" అన్నాను.

"అరే తాతా, నేను ఫస్ట్ వస్తే నౌకరి పోతది. నన్ను నమ్ముకొని ఎనకొచ్చేటోళ్ల సంగతేంది?" అన్నాడు.

గెలిస్తే పోయే ఉద్యోగం నేను వినలేదు. నువ్వు విన్నావా బావా?

ఇట్లు,
బుచ్చన్న

తా.క. ఫోటో పంపుతున్నాను. వెనక తోకలాగా ఉన్నది బెలూన్. దూరానికి కనబడాలని కట్టుకుంటాడు.

*

మక్తల్

బావా,

తోక బెలూనే అని ఇంటింటికీ చెప్పాల్సి వచ్చింది. మా పక్కింటి చంద్రయ్య "జీతమిచ్చి గెలవొద్దంటున్నరంటే, పిల్లగానికి గెలిసే దమ్ము లేనట్టే. అందరికి పరీక్ష జేస్తడు గని, వానికి ఎవ్వడన్న జేసిండా?" అన్నాడు.

కోస్గి నుంచి ట్రాక్టర్ ఉన్న సంబంధం వచ్చింది. మీవాడు ఒక్కసారి మొదట వచ్చి చూపించాలి. లేదంటే ఈ మాట ఇక్కడితో ఆపేద్దాం.

యాదయ్య

తా.క. శ్రావణి మాత్రం "ఆయన ట్రాక్టర్ దిగి నాలుగడుగులు నడిస్తే అప్పుడు చూస్త" అంటోంది.

*

కామాటిపుర

బావకు దండాలు.

తొందరలో రాస్తున్నాను. రాత ఇంకా చెడింది. ఆదివారం వర్లిలో పందెం. వాడి చేతులు పట్టుకుని అడిగాను. వాడికి శ్రావణి అంటే ఇష్టం. చివరికి "సరే తాతా, ఈ ఒక్కపారి జెండ ఇడిచిపెట్టి ఉరుకుత" అన్నాడు.

గెలిస్తే నౌకరి పోతుంది. గెలవకపోతే సంబంధం పోతుంది. దేవుడి ముందు దీపం పెట్టి, ఏమని మొక్కాలో తెలియక ఊరికే నిలబడి వచ్చాను.

ఇట్లు,
బుచ్చన్న

తా.క. ఏం మొక్కాలో నువ్వైనా రాయి.

*

మక్తల్

బుచ్చన్న బావా,

రాయడానికి సిగ్గుగా ఉంది. ఆదివారం నేను వర్లిలోనే ఉన్నాను. మీ కంట పడకుండా చూసి పోదామని వచ్చి, ధారావిలో మా ఊరివాళ్ల దగ్గర పడుకున్నాను.

తోకను బట్టి గుర్తుపట్టాను. మీవాడు జెండా పక్కవాడి చేతికిచ్చి ఒక్క ఊపున పోయాడు. ఇంకొంచెం చూద్దామని ధోతి ఎగగట్టి, తాడు దాటి నేనూ వెంటపడ్డాను. ఇక బయటికి రానిస్తేనా? "చలో కాకా, చలో!" అని చప్పట్లు. ఎవరో అరటిపండు చేతిలో పెట్టారు. పండు తింటూ ఉరికితే ఊపిరి ఎక్కడుంటుంది? కూలబడి "అయ్యో దేవుడా" అన్నాను.

అప్పటికే మీవాడు చివరి మలుపు దాకా పోయి, బయలుదేరిన చోటికే వెనక్కి తిరిగి, నాకు ఎదురుగా వస్తున్నాడు. అందరికంటే ముందు! దూరంలో రెండోవాడు. నన్ను చూసి ఆగిపోయాడు.

"తెలుగోళ్లేనా తాతా? నోరు మూసి ముక్కుతోని ఊపిరి తీస్కో."

"నువ్వు పో బిడ్డా, గెలువు పో!" అని నెట్టాను.

"గెలుస్త తియ్యి. మొదలు నువ్వు లే. నా అడుగుల అడుగెయ్."

అందరూ దాటిపోయారు. వాడు నా చేయి వదల్లేదు. ఆఖరున ఇద్దరం చేరాం. నా మెడలో పతకం వేశారు. నేనెవరో వాడు అడగలేదు. నేనూ చెప్పలేదు.

గెలవలేదు కనుక నౌకరి ఉన్నట్టే. సంబంధం సంగతి అంటావా, ట్రాక్టర్ వాళ్లను రావద్దన్నాను.

నీ బావ,
యాదయ్య

తా.క. ముహూర్తం సంగతి నెమ్మదిగా రాసినా ఫరవాలేదు. మళ్లీ పందెం ఎప్పుడో మాత్రం వెంటనే జవాబు రాయి. కిష్టమ్మ కూడా ఉరుకుతానంటోంది.