ఆంజినమ్మ కుడిచెయ్యి

ముదిగుబ్బ,
14 సెప్టెంబరు 2002.

బావకు,

వనజాక్షి నమస్కారాలు. ఇక్కడ అత్తా, నేనూ ఆరోగ్యంగానే ఉన్నాం. నువ్వూ అక్కడ వేళకు తింటూ క్షేమంగా ఉన్నావని అనుకుంటాను. బెంగళూరులో రోజూ సాయంత్రం వాన పడుతోందని రాశావు. ఆ మాట అత్తకు చదివి వినిపించాను. నువ్వు గొడుగు తీసుకుపోయావో లేదో అడగమంది. మన వైపు మబ్బులు వస్తున్నాయి కానీ గాలి వాటిని మడకశిర దిక్కుకు తోసుకుపోతోంది. వేరుశనగ పూత దగ్గరే ఆగిపోయింది.

అత్త మోకాళ్ల సంగతి అడిగావు. నేనిచ్చిన మాత్రలు వేసుకోదు. నువ్వు ఫోనులో చెబితే వేసుకుంటుంది. ఆమె లెక్కలో కొడుకు డాక్టరు, నేనింకా తమ్ముడి కూతురినే.

నువ్వు మరిచిపోయిన తెల్లకోటు ఇక్కడే ఉంది. పోయిన సోమవారం అది వేసుకుని ఓపీలో కూర్చున్నాను. చేతులు పొడుగైతే రెండు మడతలు పెట్టుకున్నాను. నర్సు అరుణజ్యోతి చూసి నవ్వింది. సాయంత్రందాకా విప్పలేదు.

ఆంజినమ్మ చెయ్యి ఎలా ఉందని అడిగావు. ఇన్నాళ్లూ ముక్కలు ముక్కలుగా రాశాను, ఇప్పుడు మొదటినుంచీ చెబుతాను.

జూన్‌లో ఆమెను మొగుడు ఎర్రన్న తీసుకొచ్చాడు. గొర్రెలు మేపుకునే మనిషి. "చెయ్యి పడిపోయిండాది డాక్టరమ్మా, చెంబు గూడా ఎత్తలేకుండాది" అన్నాడు. అనంతపురంలో పరీక్షలన్నీ చేయించాం. నరాల్లో ఏ లోపమూ లేదు. అప్పుడు నీకు రాస్తే, నోరు చెప్పలేని మాటను ఒక్కోసారి ఒళ్లు చెబుతుందని జవాబిచ్చావు. వారానికోసారి ఆమెను కూర్చోబెట్టుకుని ఊరికే వినమన్నావు. వినే మనిషి తన సంగతులు ఎత్తకూడదనీ, రోగి ఎవరి మీది కోపాన్నో తెచ్చి డాక్టరు మీద పెడితే మోయాలే తప్ప సొంతం చేసుకోకూడదనీ రాశావు.

అలాగే ప్రతి గురువారం కూర్చున్నాను. మూడు వారాలు గొర్రెల గురించే చెప్పింది. నాలుగో వారం తల్లి మాట తెచ్చింది. ఏప్రిల్‌లో మా ఆసుపత్రిలోనే చనిపోయిన కదిరమ్మ ఆమె తల్లి. పేగు మెలికపడి, లోపల కుళ్లిపోయాక తెచ్చారు. నోటికి చుక్క నీళ్లు కూడా ఇవ్వొద్దని డాక్టరు చెప్పిపోయారు. మధ్యాహ్నమంతా ముసలామె నీళ్లడిగింది. కూతురు చెంబు పట్టుకుని పక్కనే ఉంది. తల్లి చెయ్యి చాపినప్పుడల్లా చెంబు వెనక్కి తీసుకుంది. పొద్దుగూకే వేళకు ప్రాణం పోయింది. కుడిచెయ్యి ఆ తర్వాత నెలకు పడిపోయింది.

ఇదంతా నీకు రాశాను. దానికి నువ్వు, "చనిపోబోతోందని తెలిశాక గంగాధరప్ప డాక్టరుగారు ఆమె పెదవులైనా తడపనివ్వాల్సింది. నియమం రోగి కోసం కదా" అని రాశావు. ఆ వాక్యం ఎన్నిసార్లు చదివానో నాకే తెలియదు.

బావా, ఆ రోజు డ్యూటీలో ఉన్నది గంగాధరప్పగారు కాదు, నేను. ఆయన పెద్ద డాక్టరు కాబట్టి ఆయనేనని నువ్వనుకున్నావు. నేను అనుకోనిచ్చాను. నీళ్లు వద్దన్న మాట పొద్దున చెప్పినప్పుడు సరైనదే. రెండు గంటలకు చూసినప్పుడు ఇక బతకదని నాకు తెలిసింది. తెలిసీ ఆ మాట వెనక్కి తీసుకోలేదు. నీళ్లిమ్మంటే ఆశ లేదని చెప్పినట్టవుతుంది. ఆంజినమ్మ ముఖం చూసి ఆ మాట చెప్పే ధైర్యం లేక, సెలైన్ వేగం సరిచేసి పక్క మంచం దగ్గరికి వెళ్లిపోయాను.

అయినా వారం వారం ఎదురుగా కూర్చుని విన్నాను. నువ్వు చెప్పిన మౌనం నాకు దాక్కోవడానికి పనికొచ్చింది. ఆమె ఎప్పుడూ "డాక్టరు సెప్పినారు" అనేది గాని, "నువ్వు సెప్పినావు" అని నన్ను ఒక్కసారీ అనలేదు. నా ముఖం గుర్తు లేదేమోనని సమాధానపడ్డాను.

ఆగస్టు చివరి గురువారం ఇక కూర్చోలేకపోయాను. ఆ డాక్టరు నేనేనని చెప్పాను. రెండు గంటలకే నాకు తెలుసుననీ చెప్పాను. ఆమె కొంగు సర్దుకుని నావైపు చూసింది.

"నువ్వేనని నాకు తెలుసమ్మా. నీ నోటితో విందామని ఇన్ని దినాలు వస్తాండా."

 ఆమే మళ్లీ అడిగింది. "నీళ్లు తాపింటే ముందే పోయుండునా?"

కొంచెం ముందు పోయినా పోయేదేమో, ఎటూ దక్కేది కాదు, కానీ దప్పిక తీరి పోయేదని చెప్పాను. అబద్ధం కలపలేదు. ఆమె ఏడ్చింది. నన్ను తిట్టింది కూడా. "సదువుకున్నదానివి, ఒక్క మాట సెప్పనీకి నీకేం పోయింది" అంది. నేనెక్కడికీ లేచి వెళ్లలేదు.

మరుసటి వారం రాలేదు. ఇక రాదనుకున్నాను. మొన్న పన్నెండో తారీఖున ఒక్కతే బస్సు దిగి వచ్చింది. వేళ్లు ముడుస్తోంది, చెయ్యి మోచేతిదాకా లేస్తోంది. నయమైందని నీకు రాయను. నన్ను క్షమించిందని అంతకన్నా రాయను. వచ్చే గురువారం వస్తానని మాత్రం చెప్పింది.

గంగాధరప్పగారికీ అంతా చెప్పాను. ఆయన కళ్లద్దాలు తీసి చాలాసేపు తుడుచుకున్నారు. తను కూడా అలా ఎన్ని మంచాలు దాటిపోయారో చెప్పారు. ఇప్పుడు మా వార్డులో, ఇక దక్కరని తెలిసినవాళ్ల మనుషుల్ని కూర్చోబెట్టి ఉన్నమాట చెబుతున్నాం. నోరు తడపనిస్తున్నాం.

ఆంజినమ్మకు అలా చెప్పడం నీ చదువు ప్రకారం తప్పో ఒప్పో నాకు తెలియదు. నీ దగ్గర ఎందుకు దాచానో మాత్రం నాకు తెలుసు. నువ్విప్పుడు మనసుల వైద్యం నేర్చుకుంటున్నావు. చెబితే నన్నూ ఒక కేసులా వింటావేమో, ఓపిగ్గా, కోపం లేకుండా, దూరంగా. అదే నా భయం. గంగాధరప్పగారి మీద వచ్చిన కోపం నా మీద కూడా రావాలి నీకు. వచ్చాక కూడా నా పక్కన ఉండాలి. ఆసుపత్రి ఫోను హాల్లో ఉంటుంది, పదిమంది మధ్య ఈ మాటలు చెప్పలేను. ఐదు నెలలుగా నీకోసం కాచుకున్నది, నువ్వలా పక్కనుండడానికే.

దీనికి ఉత్తరంలో జవాబు రాయొద్దు. సెలవు దొరికితే వచ్చే ఆదివారం రా. దొరక్కపోతే శనివారం ఓపీ చూసుకుని నేనే బస్సెక్కుతాను. నీ గదిలో కుర్చీ ఒక్కటే ఉందని అత్త చెప్పింది. దాన్ని బయట పెట్టెయ్. ఇద్దరం నేల మీదే కూర్చుందాం.

ఇట్లు,
నీ భార్య, నీ మేనమామ కూతురు,
వనజ