ఫ్లెక్సీ మీద మౌనిక

నవంబర్ 3, సోమవారం

వర్తక సంఘం మీటింగు. దారి తప్పే పిల్లల కోసం విరాళాల విందు... అంటే నా సెంటర్ కోసం. గంటన్నర కూర్చున్నాను. అందులో గంటా పది నిమిషాలు బిర్యానీ గురించే. మటనా, చికెనా, రెండూనా. తినని వాళ్లకు పనీరా, పుట్టగొడుగులా. పిల్లల మాట వచ్చింది చివర్లో, అందరూ చెప్పులు వెతుక్కుంటున్నప్పుడు.

అధ్యక్షుడు పాండురంగం, సిమెంటు, స్టీలు వ్యాపారం. నా సెంటర్ నడిచే రెండు గదులూ ఆయన బిల్డింగులోవే. నాకు ముందు వరుసలో కుర్చీ వేయించాడు. మాట్లాడే వంతు మాత్రం ఇవ్వలేదు. "మీరు ఫికర్ చెయ్యకుండ్రి మేడమ్, అంత మేం చూసుకుంటం."

చూసుకుంటారు. అద్దంలో.

నవంబర్ 4

బాలాపూర్ గణపతి లడ్డూ వేలం లెక్క మనం కూడా పాట పెడదామని శ్రీధర్ ఆలోచన. రక్తపరీక్షల ల్యాబ్ శ్రీధర్. లడ్డూ లేదు కాబట్టి మా పిల్లలు కుట్టిన జనపనార సంచులు. లడ్డూ దక్కినవాడు ఇంత పొలంలోనైనా చల్లుకుంటాడు. సంచి దక్కినవాడు ఏం చేస్తాడో. మైకులో పేరు మోగితే చాలేమో.

గట్టిగా నవ్వబోయి ఆపుకున్నాను. మా మౌనిక పనిచేసేది ఈయన ల్యాబ్‌లోనే.

నవంబర్ 6, గురువారం

పాండురంగం సెంటర్‌కు వచ్చాడు. కూర్చోలేదు, కుర్చీలో దుమ్ముంది.

"ఒక మొఖం కావాలె మేడమ్. ఊకె పిల్లలు, పిల్లలు అంటే ఎవడిస్తడు? మొఖం జూస్తె జేబు తెరుస్తరు."

మౌనిక ఫొటో ఇచ్చాను. కథ కూడా చెప్పాను— అడిగినదానికంటే ఎక్కువే చెప్పాను. తొమ్మిదో తరగతిలో బడి మానేసింది. ఎవడో బండి మీద తిప్పి, ఆమె పుస్తకాల సంచిలో గంజాయి పొట్లాలు పెట్టి మోయించాడు. పోలీసులకు దొరికింది ఈమె, వాడు కాదు. ఏడాది ప్రభుత్వ హోంలో. తర్వాత మూడేళ్లు నా దగ్గర. పది పాసైంది, ల్యాబ్ కోర్సు చేసింది. ఇప్పుడు పంతొమ్మిది. స్కూటీ మీద ఇంటింటికీ తిరిగి రక్తం తీసుకొస్తుంది. ముసలివాళ్ల నరం కూడా ఒక్క పోటుకే దొరుకుతుందట ఆ చేతికి.

హాల్లో తెర మీద ఒక్క నిమిషం, పేరు లేకుండా, అన్నాడు. సరేనన్నాను.

మౌనికను అడగలేదు. ఆదివారం ఆమెకు డ్యూటీ, ఎలాగూ చూడదు.

నవంబర్ 9, ఆదివారం

సాగర్ రోడ్డు మీద ఫంక్షన్ హాలు. జ్యోతి వెలిగించడానికి పదకొండు మంది, ఒకటే అగ్గిపెట్టె. శాలువాలు కప్పుకోవడానికి ముప్పావు గంట. ఒకరికొకరు కప్పుకొని, మళ్లీ ఫొటో సరిగా రాలేదని తీసి కప్పుకున్నారు.

మా ఇరవై రెండు మంది పిల్లలను చివరి వరుసలో కూర్చోబెట్టారు. ప్లాట్లు అమ్మే పెద్దమనిషి ఒకాయన గంజాయి వద్దని మాట్లాడాడు. ఆయన కొడుకు పక్క గుమ్మంలో ఊగుతున్నాడు. సీసాలోది కాబట్టి అది వేరే సంగతి.

మౌనిక ముఖం తెర మీద. తెల్లకోటు, చిన్న నవ్వు. కొందరు ఆడవాళ్లు కళ్లు తుడుచుకున్నారు. ఎవరో "పాపం" అన్నారు. నాకు గర్వంగా అనిపించింది. రాసుకోవాలి కదా, రాస్తున్నాను.

సంచుల పాటలో పాండురంగం, ప్లాట్లాయన పోటీ పడ్డారు. పిల్లల మీద ప్రేమతో కాదు. ఒకరి మీద ఒకరికి ఉన్నదానితో. గెలిచింది ప్లాట్లాయన. అందరూ వెళ్లాక కుర్చీ కింద ఆ సంచి కనిపించింది. లోపల నలిపేసిన టిష్యూలు, కోడి ఎముకలు.

పిల్లలకు అన్నం ఆఖరి పంక్తిలో. పనీరు అయిపోయింది.

నవంబర్ 10

కాళ్ల నొప్పులు. పేపర్లో నా పేరు తప్పు పడింది.

నవంబర్ 11, మంగళవారం

చౌరస్తాలో బస్సు ఆగింది. తల ఎత్తాను.

"దారి తప్పిన బిడ్డలకు దారి చూపిన దాతలకు వందనం." చుట్టూ గుండ్రాల్లో దాతల ముఖాలు, పద్నాలుగు. నడుమ, మనిషంత ఎత్తున, మౌనిక. కింద పేరు కూడా. ఊరు కూడా. నిన్న మధ్యాహ్నమే కట్టారట. అందులో శ్రీధర్ గుండ్రం ఆమె భుజానికి ఆనుకొని ఉంది.

ఆ ఫ్లెక్సీ కిందనే చేపల బండ్లు. మూడో బండి బాలమణిది. మౌనిక తల్లి.

బస్సు దిగలేదు.

నవంబర్ 12

మౌనిక వచ్చింది. గుమ్మంలోనే నిలబడింది. ఎప్పుడూ నేరుగా లోపలికొచ్చి కుండలో నీళ్లు తాగే పిల్ల.

"ఆ ఫొటో మీ దగ్గర ఉన్నదే గద మేడమ్."

"అవును... వాళ్లు అడిగారు."

"అడిగితే ఇచ్చినరా."

పేరు వేయమని నేను చెప్పలేదన్నాను. హాల్లోనే అన్నారన్నాను. నా గొంతు నాకే ఎలా వినిపించిందంటే... పాండురంగం గొంతు.

"మా అమ్మకు చదువు రాదు మేడమ్. ముగ్గురు నలుగురు ఒచ్చి చదివి వినిపించిండ్రంట. ఒకామె రెండుసార్లు చదివిందంట."

కూర్చోమన్నాను. కూర్చోలేదు.

ఇటువంటి పిల్లల పేరూ ముఖమూ బయటపెట్టకూడదని చట్టం. శిక్షణలో కొత్త టీచర్లకు చెప్పేది నేనే. బోర్డు మీద రాసి మరీ చెబుతాను.

నవంబర్ 13, గురువారం

మౌనికను పనిలోంచి తీసేశారు.

ల్యాబ్‌కు వెళ్లాను. శ్రీధర్ చల్లటి గదిలో, గోడకు విందు ఫొటో అప్పుడే ఫ్రేము కట్టించి పెట్టాడు. ఇద్దరు పేషంట్లు ఫోన్ చేశారట, ఆ పిల్లను మా ఇంటికి పంపొద్దని.

"ఇండ్లల్లకు పోయే పని మేడమ్. బ్యాగు పట్టుకొని పోయే పని. మీకు తెల్వదా?"

"మీకు ముందే తెలుసు కదా. తెలిసే పెట్టుకున్నారు."

"నాకు తెల్సుడు వేరు. ఊరికి తెల్సుడు వేరు."

"ఊరికి చెప్పింది మీ ఫ్లెక్సీయే."

"అందుట్ల నాది ఒక ఫొటోనే మేడమ్. సంఘం పెట్టింది."

మంచి మనిషినన్న నమ్మకం ఆయన ముఖంలో చెక్కు చెదరలేదు. టీ తెప్పించాడు. తాగలేదు. అంతకంటే పెద్ద పని ఏమీ చేయలేకపోయాను.

నవంబర్ 14

పాండురంగం దుకాణం. ఫ్లెక్సీ తీయించమన్నాను. ఆదివారం దాకా ఉండాలట. "దాతలు చూసుకోవాలె గద మేడమ్, పైసలిచ్చినోళ్లు."

సరే, ఆ పిల్లకు మీ దుకాణంలో పని ఇవ్వండి. బిల్లులు రాస్తుంది, కంప్యూటర్ వచ్చు, అన్నాను.

ఆయన నన్ను చూసిన చూపు... నేనేదో అసభ్యంగా మాట్లాడినట్టు.

"మా దగ్గర ఇనుము మోసే పని. ఆడిపిల్లకేం పని."

గల్లా దగ్గర కూర్చున్నది ఆయన కోడలు. మా ఇద్దరి మధ్యే కూర్చుని ఉంది. తల ఎత్తలేదు.

అక్కడి నుంచి వరుసగా— బట్టల దుకాణం, మెడికల్ షాపు, స్వీట్ హౌస్, ప్లాట్ల ఆఫీసు. అందరూ ఫ్లెక్సీ మీద గుండ్రాలున్నవాళ్లే. ఒకరికి ఇప్పుడే మనుషులు నిండారు. ఒకరికి ఇంట్లో ఒప్పుకోరు. స్వీట్ హౌస్ ఆయన అరకిలో మైసూర్‌పాక్ కట్టిచ్చాడు, పిల్లలకట. ప్లాట్లాయన, "ఆమెకు ఏమన్న సాయం కావాల్నంటే చెప్పుండ్రి, చేస్తం. కని పని మాత్రం..." అన్నాడు.

దారి తప్పిన పిల్లలను బాగుచేయడానికి అన్నం పెట్టి చప్పట్లు కొట్టారు. బాగుపడ్డ పిల్ల ఎదురొస్తే మాత్రం రోడ్డు దాటి అవతలికి పోతారు.

నవంబర్ 15

మైసూర్‌పాక్‌కు చీమలు పట్టాయి. పారేశాను.

నవంబర్ 16, ఆదివారం

పొద్దున చౌరస్తాకు వెళ్లాను. ఈరోజైనా తీస్తారేమో చూద్దామని. ఆదివారం కదా, చేపల దగ్గర జనం.

బాలమణి ఎవరికో రవ్వ చేప తోముతోంది. సగంలో ఆపింది. పక్క టిఫిన్ బండి స్టూలు లాక్కొచ్చి వేసుకుంది, ఎక్కింది, చేతిలో పొలుసులంటిన కత్తి. మౌనిక తల పక్కన పొడిచి, చుట్టూరా కోసింది. తొందరపడలేదు. గుడ్డ కత్తిరించినట్టు మెల్లగా, చెవి దగ్గర జాగ్రత్తగా, ముఖానికి గాటు పడకుండా.

ఎవరో అన్నారు, "ఏం జేస్తున్నవే, సంఘపోళ్లు ఊకుంటరా?"

"నా బిడ్డ మొఖం నేను తీస్కపోతున్న. మిగిలింది వాళ్లదే, ఉంచుకోమను."

చుట్టి సంచిలో పెట్టుకుంది. దిగి, చేయి కడుక్కొని, ఆ రవ్వ చేప ముక్కలు చేసి ఇచ్చింది. కొన్నాయన డబ్బులిచ్చి తీసుకున్నాడు.

పైన పెద్ద రంధ్రం. చుట్టూ పద్నాలుగు మంది దాతలు నవ్వుతున్నారు, ఏమీ లేనిదాన్ని చూపిస్తూ.

నేను రోడ్డుకు ఇవతలే ఉన్నాను. ఆమె నన్ను చూసింది. పలకరించలేదు.

నవంబర్ 18, మంగళవారం

పాండురంగం మళ్లీ వచ్చాడు. ఈసారి కుర్చీ తుడుచుకొని కూర్చున్నాడు. రంధ్రం ఫొటో ఊరంతా ఫోన్లలో తిరుగుతోందట. ఎవరో వకీలు చట్టం సంగతి చెవిన వేశాడట.

కాగితం తీశాడు. టైపు చేయించుకొచ్చాడు. మౌనిక, ఆమె తల్లి ఇష్టపూర్వకంగా ఒప్పుకున్నాకే ఫొటో, పేరు ఇచ్చినట్టు, అది నా ఎదుటే జరిగినట్టు. కింద నా పేరు. ఈసారి తప్పు లేదు.

"ఆరో తారీఖు ఏసి సంతకం పెట్టుండ్రి మేడమ్. గంతే. మీకు కూడ మంచిదే, ఫొటో ఇచ్చింది మీరే గదా."

"పెట్టకపోతే?"

"గట్ల ఎందుకనుకుంటరు? సెంటర్ ఉండాలె, పిల్లలు ఉండాలె. గదులు నేను ఎవలకన్న ఇయ్యొచ్చు, కని మీకే ఇచ్చిన గద."

నవ్వుతూనే అన్నాడు. పిల్లలు పక్క గదిలో కుట్టుమిషన్ల మీద ఉన్నారు, ఆ చప్పుడుకు గొంతు కొంచెం పెంచి మరీ నవ్వాడు.

ఇన్నాళ్లూ ఈ పేజీల్లో ఆయన బిర్యానీనీ శాలువానూ వెక్కిరించాను. ముఖం కావాలన్నది ఆయన. తీసిచ్చింది నేను.

నవంబర్ 19

బాలమణి బండి దగ్గరికి వెళ్లాను. మౌనికకు పెద్ద అంబర్‌పేట్ దాటాక ఒక గోడౌన్‌లో పని దొరికిందట, తనే వెతుక్కుంది. డబ్బాలు అతికించే పని. పొద్దంతా నిలబడే ఉండాలి. రెండు బస్సులు మారాలి.

"నరం దొరికిచ్చే చెయ్యి మేడమ్ దానిది. డబ్బలకు టేపేస్తుంది."

క్షమించమని అన్నాను. నీళ్లు చల్లుతోంది చేపల మీద, ఆపలేదు.

"మీరు మంచోళ్లనుకున్న. ఇప్పుడు ఏమనుకోవాల్నో సమజైతలేదు. కొర్రమట్టలున్నయి, తీస్కపోతరా?"

తీసుకున్నాను. ఎక్కువ ఇవ్వబోతే చిల్లర లెక్కగా చేతిలో పెట్టింది.

నవంబర్ 21, శుక్రవారం

కాగితం ఇంకా బల్ల మీదే. రేపు పదకొండు గంటలకు పాండురంగం మనిషి వస్తాడు.

మధ్యాహ్నం మౌనికకు ఫోన్ చేశాను. అన్నం గంట, దొరికింది. కాగితం మొత్తం చదివి వినిపించాను, ఒక్క ముక్క దాచలేదు. సంతకం పెడితే ఏమవుతుందో, పెట్టకపోతే ఏమవుతుందో కూడా చెప్పాను. పెట్టొద్దని అంటుందనుకున్నాను. పెట్టమన్నా బాగుండునని ఎక్కడో అనుకున్నాను కూడా.

వెనకాల ఎవరో టేపు లాగుతున్న చప్పుడు.

"ఎంతమంది ఉన్నరు మేడమ్ ఇప్పుడు సెంటర్ల?"

"ఇరవై రెండు."



"మీ ఇష్టం మేడమ్. ఈసారన్న అడిగిండ్రు."

ఫోన్ పెట్టేసింది.

సాయంత్రం పిల్లలు వచ్చారు, వెళ్లారు. సంతకం చేయలేదు. చింపలేదు కూడా.