మట్టికుప్ప మీది రాళ్లసోయి

సెప్టెంబర్ 14
అత్తమ్మ ఈసారీ బతుకమ్మ పేర్చదట. ఊరు ఓపెన్‌కాస్టు బొగ్గుగని కింద పోయినప్పటి నుంచీ ఇదే మాట — "రాళ్లసోయి పువ్వు లేంది గదేం బతుకమ్మ?" ఎలా ఉంటుందని అడిగాను. "పచ్చగ, చిన్న చామంతి లెక్క. ఆకు సోయికూర లెక్క. దున్ని ఇడిసిన చెల్కల మొలుస్తది." ఆమె పేర్చకపోతే గతి నేనే. నిరుడు నేను పేర్చింది గడప దాటకముందే ఒరిగింది. పరువు పోయింది.

సెప్టెంబర్ 16
క్వార్టర్ల వెనక గడ్డి చామంతి. కోసుకొచ్చాను. అత్తమ్మకు చూపు ఆనదు, ఆకు తడిమింది. "గిది కాదు. మందమున్నది."

సెప్టెంబర్ 17
సన్నగా చీలిన ఆకు కనబడగానే సంబరంగా పెరికాను. తీరా చూస్తే వయ్యారిభామ. మోచేతుల దాకా దద్దుర్లు... అత్తమ్మకు ఒకటే నవ్వు. కొబ్బరినూనె మాత్రం ఆమే రాసింది.

సెప్టెంబర్ 19
ఆయన డంపర్ డ్యూటీ దిగి వచ్చి టిఫిన్ డబ్బా నా చేతిలో పెట్టారు. లోపల ఒక మొక్క, వేరుతో, మట్టితో. గోరంత పసుపు పువ్వు. ఫోటో ఆదిలాబాద్‌లో మా అవ్వకు పంపాను. "గిది పత్తర్‌సువా గాదె? మేం పప్పుల ఏస్తుంటిమి" అంది ఫోన్లో. పత్తర్ అంటే రాయి, సువా అంటే సోయికూర — అదే పేరన్నమాట.
అత్తమ్మ ఆకు నలిపి వాసన చూసింది. చాలాసేపు.
"గిదే. ఏడ దొరికింది?"
ఆ సంగతి ఆయన గుమ్మంలోనే నాకు చెప్పి, స్నానానికి వెళ్లిపోయారు. నేనే చెప్పాను — గని తవ్వి మన ఊరి మట్టి పోసిన కుప్ప మీద.
"అంటే మన చెల్కనే. తలకిందులైంది, గంతే."

సెప్టెంబర్ 20
అత్తమ్మ మొక్కను పాత డబ్బాలో నాటి, పొద్దున్నుంచి దాని పక్కనే కూర్చుంది. ఎక్కడిదో చెప్పకుండా ఉండాల్సింది... బాధగా ఉంది.

సెప్టెంబర్ 21
ఎంగిలిపూల బతుకమ్మ, పండుగ మొదటి రోజు. పొద్దున్నే అత్తమ్మ బతుకమ్మ పేర్చే తాంబాలం దింపమంది! గునుగు, తంగేడు పూలు తెచ్చి ముందు పోశాను. రాళ్లసోయి తెంపబోతే చెయ్యి అడ్డం పెట్టింది.
"ఇత్తనం కానియ్యి. వచ్చే ఏడుకు మస్తు పూస్తది."
మరి బతుకమ్మ? రాళ్లసోయి డబ్బాను ఒళ్లోని తాంబాలం పక్కకు జరుపుకుంది.
సాయంత్రమైంది. బయట ఆడవాళ్లు కూడుతున్నారు, చప్పట్లు వినిపిస్తున్నాయి. తాంబాలం ఆమె ఒళ్లోనే ఉంది, ఇంకా ఖాళీగా.