ఆపిల్ పెట్టెలో మట్టిగూడు

ఏప్రిల్ 6

బాత్రూంల సబ్బులకని ఆయన గోడకు పాత ఆపిల్ పెట్టె కొట్టిండు. దాని చెక్కల బొక్కలల్ల ఒక ఈగ దూరుతుంది. తేనెటీగ లెక్కనే ఉంది, కని ఒక్కతే వస్తది. పొట్టకింద పసుప్పచ్చ పొడి. ఛీ. నా బ్రష్ అండ్లనే ఉంటది.

ఏప్రిల్ 9, మధ్యాహ్నం

ఒక బొక్క మట్టితోని మూసింది. గీకేద్దామని చెంచా పట్టుకున్న. అత్తమ్మ చెయ్యి పట్టి ఆపింది. ఇంట్ల మట్టిగూడు కడితే కోడలి కడుపు పండుతదట. పెండ్లయిన రెండేండ్లకు దేవుడు కండ్లు తెరిచిండు అన్నది. పక్కింటి రాజమణక్క వచ్చి ముందు బొక్కను చూసింది, తర్వాత నా కడుపు చూసింది. ఒళ్లంత జెర్రులు పాకినట్టయింది.

ఏప్రిల్ 10

ఆయన చాంద్రాయణగుట్ట కాడ పండ్ల బండి పెడతడు. ఆపిల్స్ తెచ్చే సిమ్లా డ్రైవర్‌కు వాట్సాప్‌ల ఈగ ఫోటో పంపిండట. మా కొండల్ల గిసుంటి ఈగలు లేకుంటే తోటల కాయే పట్టదు భాయ్, చంపకు అన్నడట డ్రైవర్. ఒక్కో అరల పుప్పొడి ముద్ద పెట్టి, దాని మీద గుడ్డు పెట్టి, మట్టి గోడ కడతదట. బొక్క నిండినంక మూసిపెట్టి పోతదట. పిల్లల మొఖమే చూడదట.

దాని పనే నయం. దాని కడుపు ఎవ్వరు తడమరు.

ఏప్రిల్ 19

అత్తమ్మ పెట్టెకు పసుపు కుంకుమ పెట్టింది. నా బ్రష్ తీసి బయట పడేసింది.

ఏప్రిల్ 22

ఇంట్ల ఎవ్వరు లేరు. పిన్నుతోని మట్టి పొడిచిన. లోపల పసుప్పచ్చ ముద్ద, దాని మీద తెల్లటి పురుగు. కండ్లు లేవు, కాళ్లు లేవు, తింటనే ఉంది. మొత్తం గీకి మోరీల పడేసి నీళ్లు పోసిన. పుల్లటి వాసన. అక్కడ్నే కక్కిన. గప్పుడే అత్తమ్మ వచ్చింది.

నేను నోరు తెరిచేలోపట్నే గల్లీ అంత తెలిసింది. రాజమణక్క చింతకాయ తెచ్చింది. ఆయన మిఠాయి డబ్బా తెచ్చిండు. లడ్డు నోట్ల పెడితే ఆ ముద్దనే యాదికొచ్చింది. మళ్ల కక్కిన. అందరు ఇంకింత సంబురపడ్డరు.

ఏప్రిల్ 27

డేట్ వచ్చింది.

ఏప్రిల్ 28

మళ్ల ఆడోళ్లు వచ్చి కూసున్నరు. రాజమణక్క చెమట చెయ్యి నా కడుపు మీద పెట్టి, పోరడే అన్నది. ఆ పురుగే నయమనిపించింది. చెయ్యి తీసేసిన. అత్తమ్మా, నేను పురుగును చూసి కక్కిన, నాకు నిన్ననే డేట్ వచ్చింది అన్న. నా గొంతు గింత పెద్దగ ఉంటదని నాకే తెల్వదు.

చాయ్ సగంల ఇడిసిపెట్టి పోయిండ్రు. అత్తమ్మ బాత్రూంలకు పోయి పగిలిన బొక్క చూసింది. గూడు పగలగొట్టినంక ఇంకేం నిలుస్తది అన్నది. ఆయన ఫోన్ చూసుకుంట కూసున్నడు.

ఏప్రిల్ 30, పొద్దుగాల

అత్తమ్మ తడి మట్టి తెచ్చి వేలితోని ఆ బొక్క మూస్తుంది. లోపల ఏం లేదని ఆమెకు ఎరుకే. నన్ను చూసింది. చూసి, ఇంకింత మట్టి అద్దింది.