పెట్టె తలవైపు ఎవరు పట్టాలంటే

రెండు వేల నాలుగో సంవత్సరం నవంబరు నెల పదిహేనో తేదీన, కృష్ణా జిల్లా కోడూరు మండలం రెల్లుమెరక కాపురస్తురాలు, ఉప్పెనలో పోయిన పంతగాని దేవసహాయం గారి భార్య విశ్రాంతమ్మ అనే నేను, సుమారు అరవై ఎనిమిదేళ్ల వయసులో వ్రాయించిన వీలునామా.

నాకు గుండె నీరసం, కాళ్ల వాపు ఉన్నాయి. బందరు డాక్టరు గారు ఇక మందులు మార్చక్కర్లేదన్నారు. అంటే ఏమిటో నాకు తెలుసు. బుద్ధికి మాత్రం ఏ లోటూ లేదు. నన్నెవరూ బలవంతపెట్టలేదు, పెట్టినా వినే మనిషిని కానని ఊరందరికీ తెలుసు. దస్తావేజు లేఖరి పిచ్చేశ్వరరావు గారు నేను చెప్పింది చెప్పినట్టే వ్రాస్తానని ఒప్పుకున్నాకే మొదలుపెట్టాను. ఇంతకు పూర్వం నేను ఏ వీలునామా వ్రాయలేదు.

1. నా శరీరాన్ని మందిరం వెనక సమాధుల తోటలో నా కొడుకు జీవరత్నం పక్కన పెట్టాలి. నా భర్త శవం దొరకలేదు కాబట్టి ఆయన పక్కన పెట్టమని అడగడానికి లేదు. మామూలు చెక్క పెట్టె చాలు. పాటలు పాడండి గానీ మైకు పెట్టకండి. సంఘ పెద్ద దైవాధీనం గారి గొంతు మైకులో వింటే నేను లేచి కూర్చుంటాను.

2. నా పాడి మేక, దాని పిల్లతో సహా, పక్కింటి వీరమ్మకు చెందాలి. నాకు జబ్బు చేసినప్పటి నుంచి రోజూ గంజి కాచి తెస్తోంది. ఉప్పు తక్కువని రోజూ తిట్టాను. ఉప్పు నిజంగానే తక్కువ. అయినా ఒక్క పూట మానలేదు పిచ్చి తల్లి.

3. ఈ వీలునామా అమలు జరిపే బాధ్యత మా ఊరి బడి నాగభూషణరావు మాస్టారికి అప్పగిస్తున్నాను. ఆయన మా మందిరం మనిషి కాదు. అందుకే ఆయన్ని పెట్టాను.

4. ఈ అంశం ఆస్తి గురించి కాదని, ఇక్కడ ఉండకూడదని పిచ్చేశ్వరరావు గారు అన్నారు. ఉండాలన్నాను.

మా సంఘంలో కోత పండగనాడు ఎవరి పెరట్లో పండింది వాళ్లు మందిరానికి తెస్తారు. ఆరాధన అయ్యాక మెట్ల మీద నిలబడి వాటిని వేలం వేస్తారు. ఒక ఏడు నేను మా మేకల పాక మీద కాసిన గుమ్మడికాయ ఇచ్చాను. అమ్మ కాయ మళ్లీ ఇంటికే రావాలని జీవరత్నం పాట పెంచాడు. వాడి స్నేహితుడు, మోకా తాతమ్మ కొడుకు కృపావరం, వాణ్ణి ఏడిపించడానికి ఆ పైన పాడుతూ పోయాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆ నవ్వులాట మాటామాటా అయింది, మాటలు తోపులాట అయ్యాయి. కృపావరం నెట్టాడు. జీవరత్నం మెట్ల మీద నుంచి పడ్డాడు, తల రాతికి తగిలింది. బందరు ఆసుపత్రికి తీసుకెళ్తుంటే పులిగడ్డ దాటకముందే జీపులో నా ఒళ్లో పోయాడు. గుమ్మడికాయ కోసం, ప్రభువా! గుమ్మడికాయ కోసం.

కృపావరం జైలుకు వెళ్లి వచ్చాడు. వాడు లోపల ఉండగానే తాతమ్మ బెంగతో పోయింది. వచ్చినప్పటి నుంచి ప్రతి ఆదివారం మందిరం వసారాలో, చెప్పులు విడిచే చోట కూర్చుంటున్నాడు. లోపలికి రానివ్వరు, ప్రభువు బల్లలో రొట్టె ఇవ్వరు. ఎందుకని ఎవరైనా అడిగితే, “పాపం, విశ్రాంతమ్మ గారు బాధపడతారండీ” అంటారట పెద్దలు. నన్నెవరు అడిగారు? తలుపు వాళ్లు మూసి గొళ్లెం మీద నా పేరు రాశారు.

ఒక గుడ్ ఫ్రైడేనాడు పాస్టరు గారు మమ్మల్నిద్దర్నీ అందరి ముందుకూ పిలిచి చేతులు కలపమన్నారు. వాడు చేయి చాపాడు. నా చేయి లేవలేదు. నెట్టింది ఆ చెయ్యే కదా. అంతే, విశ్రాంతమ్మ క్షమించలేదని సంఘం తీర్పు చెప్పేసింది. అయ్యా, నా చేయి లేవకపోవడం వేరు, వాణ్ణి బయట కూర్చోబెట్టడం వేరు.

ఇప్పటికీ లేవదు. వాణ్ణి చూస్తే ఒళ్లు మండుతుంది. కానీ తాతమ్మ, నేను ఒకే గట్టు మీద బిడ్డల్ని పడుకోబెట్టి నాట్లు వేసినవాళ్లం. ఇద్దరు పిల్లలకీ ఒకే కంచంలో అన్నం కలిపి పెట్టాను. కోపం వచ్చినంత మాత్రాన ఆ ప్రేమ ఎక్కడికి పోతుంది? పోలేదు. పోయుంటే నా ప్రాణం సుఖంగా ఉండేది.

5. జీవరత్నం వాయించిన డోలక్ కృపావరానికి చెందాలి. తోలు సాగిపోయింది, గుడివాడలో మార్పించుకోవాలి. మా కట్టుబాటు ప్రకారం తల్లి పెట్టెను తలవైపు పట్టేది కొడుకు. నా పెట్టెను తలవైపు కృపావరం పట్టాలి. ఈ సంగతి వాడికింకా తెలియదు. “సంఘం ఎదుట క్షమాపణ చెప్పుకున్న పక్షంలో” అనే ముక్క చేర్చమని దైవాధీనం గారు వచ్చి చెప్పారు. ఆయన మాట మీద చేర్చిన ఆ ముక్కను నేనే కొట్టేయించాను. ఏ షరతూ లేదు.

వాణ్ణి లోపలికి రానివ్వకపోతే నన్నూ తీసుకెళ్లకండి. పెట్టె వసారాలోనే దించండి. పాస్టరు గారు పుస్తకం పట్టుకుని బయటికి వస్తారు.

6. ఉప్పెన తర్వాత నాకిచ్చిన పక్కా ఇల్లు, స్థలం, కొబ్బరి చెట్టు, ఇంట్లో సామాను, అన్నీ నా కూతురు ఎస్తేరుకు సర్వహక్కులతో చెందాలి. పై అంశం వ్రాయిస్తుండగా ఎస్తేరు ఇక్కడే ఉంది. “వాడు నీ పెట్టె ముట్టుకుంటే నేను రానమ్మా” అని లేచి గుడివాడ బస్సెక్కింది. తోడబుట్టినవాణ్ణి పోగొట్టుకుంది, ఆ మాట అనే హక్కు దానికుంది. అది అడ్డం తిరిగితే ఇల్లు మందిరానికి పోతుందని ఒక్క వాక్యం వేయించండి, దారికొస్తుందని దైవాధీనం గారి సలహా. ఛీ! బిడ్డ గుండెకు ఇల్లు తాకట్టు పెట్టమంటారా? ఆ వాక్యం వ్రాయించలేదు.

ఎస్తేరూ, వాణ్ణి క్షమించమని నీకు ఆస్తిలాగా వ్రాసి ఇవ్వడం లేదు. అది నీకు ఎప్పుడొస్తే అప్పుడొస్తుంది, రాకపోతే లేదు. కన్నతల్లిని, నాకే చేయి లేవలేదు. నువ్వు పెట్టె దగ్గరికి రావక్కర్లేదు. ఎంత వెనకాలైనా నడువు, ముఖం అటు తిప్పుకునే నడువు. రామ్మా.

రాకపోయినా ఇల్లు నీదే.

పైదంతా నాకు చదివి వినిపించగా విని, నేను చెప్పినట్టే ఉందని ఒప్పుకుని చేసిన వ్రాలు:

పంతగాని విశ్రాంతమ్మ
రెల్లుమెరక, 15-11-2004

సాక్షులు:
నాంచారయ్య, రెల్లుమెరక
శేషగిరిరావు, కోడూరు

వ్రాసినవారు: పిచ్చేశ్వరరావు, దస్తావేజు లేఖరి, అవనిగడ్డ