తప్పు దిద్దాను, యాకూబ్ అన్నా

యాకూబ్ అన్నా,

నువ్వు పోయి నేటికి ఏడాది. నల్లగొండ కాలేజీ కంప్యూటర్ గదిలో నీ కుర్చీలో కూర్చుని రాస్తున్నాను.

దేశదేశాల వాళ్లు కలిసి రాసి అందరికీ ఉచితంగా ఇచ్చే ఆ లెక్కల ప్రోగ్రాములకు, జవాబులు సరైనవో కావో చూసే పరీక్షలు నువ్వే రాశావు. ఇప్పుడు వాటి బాగోగులు నేను చూస్తున్నాను. మన కాలేజీకి ఇంకా ఇంటర్నెట్ రాలేదు కదా, పోయిన నెల హైదరాబాద్ నుంచి ఈ-మెయిళ్లు మోసుకొచ్చిన ఫ్లాపీలో ఆ ప్రోగ్రాములు వాడే ఒక ఇంజనీరు రాసింది ఉంది. పరీక్షలన్నీ పాసయ్యాయట, కానీ జవాబు ఉండాల్సిన చోట అంకెకు బదులు ‘ఇది అంకె కాదు’ అనే గుర్తు వస్తోందట.

వారం రోజులు వెతికాను. తప్పు నీ పరీక్షలోనే ఉంది. వచ్చిన జవాబుకూ అసలు జవాబుకూ తేడా హద్దు దాటితేనే అది ఫెయిల్ చేస్తుంది. అంకే కాని ఆ గుర్తును దేనితో పోల్చినా హద్దు దాటినట్టు తేలదు కాబట్టి పాస్ చేసేస్తోంది.

నీ రాతను మార్చడానికి చెయ్యి రాలేదు. మీ ఇంటికి వెళ్లి భాభీకి చెప్పాను.

"తప్పు దొరికిన నాడు మీ అన్న ఇల్లంత సంబురంగ తిరిగేటోడు. నువ్వేంది గిట్ల మొఖం పెట్టినవ్? పో, దిద్దు" అన్నది.

దిద్దాను. ఇన్నాళ్లూ పాసైన పరీక్షల్లో తొమ్మిది ఫెయిలయ్యాయి.

"గా తొమ్మిది తీసెయ్యరాదు మేడం?" అన్నాడు మన ల్యాబ్ శ్రీను.

"ఒక్కటి గూడ తియ్య" అన్నాను.

ఆ తొమ్మిదింటి వెనకా ప్రోగ్రాముల్లో దాగిన తప్పులున్నాయి. రెండు సరిచేశాను. మూడోది ముందు పెట్టుకుని కూర్చున్నాను.

ఫైలు మొదట్లో నీ పేరు అలాగే ఉంది. దాని కింద నా పేరు చేర్చాను. ఇక తప్పు దొరికిన వాళ్లు నాకు రాస్తారు.

నీ చెల్లె,
సుజాత